పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది?

2025 జూన్ 23 రాత్రి. బెంగళూరులో నా గదిలో ఆఫీసు పని ముగించి ల్యాప్‌టాప్ మూయబోతున్నా. ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిందని ఫోన్‌లో వరసగా మెసేజ్‌లు. కాసేపటికి కువైట్ కూడా విమానాల రాకపోకలు ఆపేసిందని మరో కబురు. విమానాలెక్కడున్నాయో చూపించే యాప్ తెరిస్తే, ఎప్పుడూ ఈగలు ముసిరినట్టుండే ఆ చోటు ఖాళీగా ఉంది.

మా చిన్నాయన కొడుకు అక్కడే, ఫర్వానియాలో ఉంటాడు. డెలివరీ వ్యాన్ నడుపుతాడు. రాజంపేట దగ్గర మా ఊరి నుంచి చిన్నమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆమెకు ధైర్యం చెబుతుండగానే పక్కనుంచి పెద్దనాయన ఫోన్ లాక్కున్నాడు.

"మిస్సైళ్ల సంగతి తర్వాత. వాని పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుందో కనుక్కో ముందు. వాని దగ్గరా, కంపెనీ దగ్గరా?"

అంత గందరగోళంలో ఈ ప్రశ్నేంటి అనుకున్నా. ఆ తర్వాత నెల ఊరికి వెళ్లినప్పుడు, రెండు రాత్రులు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఆయన చెప్పింది విన్నాక అర్థమైంది.

రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు ఊళ్లలో కువైట్ అంటే పరాయి దేశం కాదు, పక్కూరు లాంటిది. వానలు లేక, బోర్లు ఎండి, ఇంటికొకరు పోయినవాళ్లే. ఆ దేశం ఎంతుంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మొన్న చూస్తే 17,818 చదరపు కిలోమీటర్లు. మన పాత కర్నూలు జిల్లా 17,658. అంటే సుమారుగా ఒక కర్నూలు జిల్లా అంత దేశం. దాన్ని 1990 ఆగస్టు 2న, గురువారం తెల్లవారుజామున, సద్దాం హుస్సేన్ సైన్యం వచ్చి కూర్చుంది. ఒక్క రోజులో రాజధాని చేజారిపోయింది. రాజు సౌదీకి వెళ్లిపోయాడు.

పెద్దనాయన అప్పటికి నాలుగేళ్లుగా ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఎండలకని ఇంటివాళ్లంతా లండన్ పోయారు. ఇరవై మూడేళ్ల పెద్దకొడుకు, పెద్దనాయన, వంటామె మాత్రం ఇంట్లో ఉన్నారు. "తెల్లారుతూనే ఆ పిల్లోడు వచ్చి లేపినాడు. మేడెక్కి చూస్తే రోడ్డు నిండా ట్యాంకులు. వాడూ నేనూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నాం, మాట రాలే" అన్నాడు.

ఆ నెలాఖరుకల్లా కువైట్ అనే దేశమే లేదన్నారు. అది ఇరాక్‌లో 19వ రాష్ట్రం. నగరం పేరు కాదిమా. బండ్ల నంబరు పలకలు మార్చుకోవాలి. డబ్బు సంగతి ఇంకా ఘోరం. కువైట్ దినారుకు అప్పట్లో మన అరవై రూపాయల దాకా వచ్చేది. దాన్ని ముందు ఇరాకీ దినారుతో సమానం చేశారు, ఆ తర్వాత అసలు చెల్లదన్నారు. నాలుగేళ్ల కష్టంలో ఇంటికి పంపకుండా దాచుకున్నది పెద్దనాయన పెట్టెలోనే చిత్తు కాగితమైంది.

పాస్‌పోర్ట్ మాత్రం సేటు బీరువాలో ఉంది. తాళంచెవి లండన్‌లో.

నిజానికి అప్పుడు చాలామంది మనవాళ్ల గతి ఇదే. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర, కఫీల్ దేశం బయట. మన ఎంబసీ వాళ్లు అలాంటివాళ్లకు తాత్కాలిక కాగితాలు రాసిచ్చారు గానీ, ఆ వరసలో ఎన్ని రోజులు నిలబడాలో ఎవరికీ తెలియదు. మూడో వారంలో ఆ పిల్లోడే గడ్డపార తెచ్చి తండ్రి బీరువా తలుపు పగలగొట్టాడు. పాస్‌పోర్ట్‌లు తీసి ఇద్దరి చేతుల్లో పెట్టాడు. రొట్టెలు, ఖర్జూరాలు ఒక సంచిలో కట్టిచ్చాడు. "నువ్వూ వచ్చేయ్" అంటే, ఇది నా ఊరు, నేనెక్కడికి పోవాలి అన్నాడట.

బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. రువైషిద్ దగ్గర ఎడారిలో డేరాల కింద తొమ్మిది రాత్రులు. "ఎండ మనకు కొత్తా? కానీ నీడకు ఒక తుమ్మచెట్టన్నా లేకపాయె. నీళ్ల లారీ వస్తే మనుషులు మనుషుల మీద పడేది" అన్నాడు. తర్వాత అమ్మాన్‌లో విమానం, బొంబాయి, మద్రాసు రైలు. ఆ విమానాల కథ చాలామందికి తెలిసిందే. ఆగస్టు 13 నుంచి 59 రోజుల్లో 488 సార్లు ఎయిర్ ఇండియా విమానాలు తిరిగాయి, లక్ష మందికి పైగా తెచ్చాయి. 2016లో 'ఎయిర్‌లిఫ్ట్' సినిమా వచ్చినప్పుడు నేను కాలేజీ ఫ్రెండ్స్‌తో చూసి చప్పట్లు కొట్టా. మా ఇంట్లోనే ఒకాయన అలా వచ్చాడని నాకు అప్పుడు గుర్తే రాలేదు. సిగ్గుగానే ఉంది.

ఇక్కడ అవ్వకు పొద్దున ఏడు గంటల రేడియో వార్తలే దిక్కు. ఒంటిమిట్ట రాములవారికి, కడప పెద్ద దర్గాకు, రెండు చోట్లా మొక్కుకుంది. మనిషి వచ్చాడు, డబ్బు రాలేదు. అప్పులవాళ్లు వచ్చారు. అవ్వ పుస్తెలు తప్ప మిగతా బంగారమంతా కుదువ పెట్టింది. ఆ మరుసటి ఏడాది, 1991 జులైలో, దేశం కూడా 47 టన్నుల బంగారం ఇంగ్లండ్‌కు తీసుకుపోయి అదే పని చేసింది. దానికి చాలా కారణాలున్నాయి. ఈ యుద్ధంతో పెరిగిన పెట్రోలు ధర, ఆగిపోయిన గల్ఫ్ డబ్బు అందులో ఉన్నాయి.

మనవాళ్లు వచ్చేశాక ఆ దేశంలో ఏం జరిగిందన్నది మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అసలు కథ అదే అనిపిస్తుంది నాకు. కువైట్ జనాభాలో సగానికి పైగా బయటివాళ్లే. రొట్టె కాల్చేది, చెత్త ఎత్తేది, బండి నడిపేది, ఆసుపత్రిలో సూది వేసేది వాళ్లే. వాళ్లంతా నెల రెండు నెలల్లో ఖాళీ అయిపోతే, ఉండిపోయిన కువైటీలు ఆ పనులన్నీ తామే చేసుకున్నారు. చదువుకున్న కుర్రాళ్లు వీధులు ఊడ్చారు, బేకరీలో పొయ్యి దగ్గర నిలబడ్డారు. పేటపేటకూ ఉండే సహకార దుకాణాలు నడిపి సరుకులు పంచుకున్నారు. సెప్టెంబరులో ఒక రాత్రి ఊరంతా మేడలెక్కి 'అల్లాహు అక్బర్' అని గట్టిగా అరిచారు. తుపాకీ లేనివాళ్లకు అదే తిరుగుబాటు.

మన సేటు కొడుకు కూడా బేకరీలో చేరాడు. పెద్దనాయనకు ఇదంతా 1992లో తెలిసింది. 1991 జనవరి 17న అమెరికా కూటమి బాంబులు మొదలుపెట్టడం, ఫిబ్రవరి 26న కువైట్ బయటపడటం, పోతూ పోతూ ఇరాక్ సైన్యం ఆరు వందలకు పైగా చమురు బావులు తగలబెట్టడం, నవంబరు 6న ఆఖరి బావి ఆర్పడం అన్నీ అయిపోయాక మళ్లీ అదే ఇంటికి వెళ్లాడాయన. వేరే దారి లేదు, ఇక్కడ అప్పు అలాగే ఉంది. గోడలు ఇంకా మసి వాసన కొడుతున్నాయట. పిల్లోడు కనపడలేదు. నవంబరులో బేకరీ దగ్గరే సైనికులు పట్టుకుపోయారని వంటింట్లో ఎవరో చెప్పారు. జాడ తెలియని సుమారు ఆరు వందల మందిలో అతనొకడు. 2003లో సద్దాం పడిపోయాక ఇరాక్‌లో సామూహిక సమాధులు తవ్వితే కొందరి ఎముకలు దొరికాయి. ఇతనివి దొరికాయో లేదో పెద్దనాయన అడగలేకపోయాడు.

ఆ సేటు మాత్రం మొదటి రోజే పాస్‌పోర్ట్ తిరిగిచ్చి, ఇక ఇది నీ దగ్గరే ఉంచుకో అన్నాడట.

నష్టపరిహారం అయిదారేళ్లకు వచ్చింది. ఐక్యరాజ్యసమితి పెట్టిన కమిషన్, పారిపోయి వచ్చిన ఒంటరి మనిషికి 2,500 డాలర్లో 4,000 డాలర్లో ఇచ్చింది. మనకు మొదటిదే దక్కింది. దాంతో అవ్వ బంగారం కొంత విడిపించి, మిగతాది బోరుకు పెట్టారు. నీళ్లు పడలేదు. ఇది చెప్పేటప్పుడు పెద్దనాయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

జూన్ 23 రాత్రికి మళ్లీ వస్తా. తమ్ముడికి ఫోన్ కలిసింది. పాస్‌పోర్ట్ కంపెనీ ఆఫీసులో ఉందన్నాడు. "అందరివీ అక్కడే ఉంటాయన్నా, సేఫ్‌గా ఉంటాయి." పాస్‌పోర్ట్ యజమాని ఉంచుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2015 చట్టంలో అది స్పష్టంగా రాసి ఉంది, కంపెనీలకు అంతకుముందే నిషేధం ఉంది. అయినా జరుగుతూనే ఉంది. కొన్ని గంటల్లో విమానాలు మళ్లీ తిరిగాయి, అందరూ మర్చిపోయారు. పెద్దనాయన మర్చిపోలేదు. రోజూ ఫోన్ చేసి అదే మాట. తమ్ముడు విసుక్కున్నాడు, ఉద్యోగం పోతుందని భయపడ్డాడు, చివరికి అడిగాడు. ఆదివారం రమ్మన్నారు, మళ్లీ ఆదివారం అన్నారు.

నేను ఊళ్లో ఉన్న ఆ రెండో రాత్రే, భోజనాల దగ్గర, ఫ్యామిలీ గ్రూపులో ఫొటో వచ్చింది. తమ్ముడి చేతిలో నీలం రంగు పాస్‌పోర్ట్. పెద్దనాయన కళ్లద్దాలు పెట్టుకుని, ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసి, ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"రూములో రొట్టెలు, నీళ్లు ఎన్నిరోజులకుండాయో అడుగు" అన్నాడు.