కాక్టస్ కుండీలో కనిపించని నీటిమట్టం

వానాకాలంలో డాబాల మీద, బాల్కనీల్లో తరచూ జరిగేదే ఇది. నాలుగైదు అడుగులు పెరిగిన స్తంభ కాక్టస్ ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరుగుతుంది. పైభాగం పచ్చగా, గట్టిగానే ఉంటుంది. మొదలు దగ్గర నొక్కితే మాత్రం వేలు మెత్తగా దిగిపోతుంది. అప్పటికే లోపల వేర్లు, కాండం అడుగుభాగం కుళ్లిపోయి ఉంటాయి. ఏళ్ల తరబడి పెరిగిన మొక్క వారం రోజుల్లో పోతుంది.

‘నీళ్లు ఎక్కువయ్యాయి’ అని అందరూ అంటారు. అది సగం నిజమే. స్తంభ కాక్టస్‌లలో ప్రసిద్ధమైన సువారో అమెరికాలోని ఆరిజోనా, మెక్సికోలోని సొనోరా ఎడారుల్లో పెరుగుతుంది. అక్కడి టూసాన్ నగర ప్రాంతంలో ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో దాదాపు సగం జులై నుంచి సెప్టెంబరు లోపు, ఉరుములతో కూడిన జడివానలుగా కురుస్తుంది. ఆ వానల్లో నేల పూర్తిగా తడుస్తుంది. అయినా సువారో కుళ్లదు, ఎందుకంటే అది ఎక్కువగా పెరిగేది రాళ్లు, గరుకు ఇసుక కలిసిన వాలు నేలల్లో. అక్కడ నీరు వచ్చినంత వేగంగా కిందికి దిగిపోతుంది, ఆ ఖాళీల్లోకి వెంటనే గాలి చేరుతుంది. కుండీలో కాక్టస్ బతకాలంటే మట్టి చేయాల్సిన పని ఇదే.

వేర్లకూ ఊపిరి కావాలి

వేర్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోని గాలి నుంచి అవి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ ఖాళీలను నీరు ఆక్రమిస్తే చిక్కు మొదలవుతుంది. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు పదివేల రెట్లు తక్కువ. నీటితో నిండిన మట్టిలో ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను వేర్లు, సూక్ష్మజీవులు త్వరగానే వాడేస్తాయి. పైనుంచి కొత్తది అంత త్వరగా చేరదు. ఊపిరాడని వేర్లు చనిపోతాయి. ఫైటోఫ్తోరా, పైథియం వంటి కుళ్లు తెగుళ్ల జీవులకు ఇదే అదను. వాటి బీజాలకు తోకల్లాంటి పోగులుంటాయి. రేణువుల మధ్య నిలిచిన నీటిలో ఈదుకుంటూ అవి వేర్లను చేరుతాయి.

ఎడారి కాక్టస్ వేర్ల అమరిక కూడా ఇందుకు తగ్గట్టే ఉంటుంది. సువారోకు లోతుకు దిగే తల్లివేరు ఒకటి ఉన్నా, మిగతా వేర్లలో ఎక్కువ భాగం నేల పైపొరలోని పది సెంటీమీటర్ల లోపే, మొక్క ఎత్తుకు సమానమైన దూరం వరకు పరుచుకుంటాయి. వాన పడగానే సన్నని కొత్త వేర్లు పుట్టుకొచ్చి నీటిని పీల్చుకుంటాయి. నేల ఎండాక అవి రాలిపోతాయి. అంటే ఈ వేర్లు అలవాటు పడింది తడికి, పొడికి మధ్య తిరిగే చక్రానికి. రోజుల తరబడి ఆరని తడిని అవి తట్టుకోలేవు.

స్పాంజితో ఒక ప్రయోగం

కుండీకి అడుగున రంధ్రం ఉంది కదా, అదనపు నీరంతా పోతుందిలే అనిపిస్తుంది. అలా జరగదని ఒక స్పాంజితో తెలుసుకోవచ్చు. దీర్ఘచతురస్రాకారపు స్పాంజిని నీటిలో పూర్తిగా నానబెట్టి, వెడల్పు వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి పట్టుకోవాలి. కాసేపటికి నీటి చుక్కలు ఆగిపోతాయి. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారడం మొదలవుతుంది. స్పాంజి అదే, అందులోని రంధ్రాలూ అవే. మారింది ఎత్తు ఒక్కటే.

నీటికున్న తలతన్యత వల్ల సన్నని రంధ్రాల్లో అది గురుత్వాకర్షణకు ఎదురుగా కొంత ఎత్తు వరకు నిలబడగలదు. దీన్నే పాఠ్యపుస్తకాల్లో కేశనాళికీయత అంటారు. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీరు నిలిచే ఎత్తు అంత ఎక్కువ. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. వ్యాసం మిల్లీమీటరులో పదోవంతు అయితే ఆ ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు.

కుండీలోనూ ఇదే జరుగుతుంది. పైనుంచి పోసిన నీరు రంధ్రం గుండా కొంత కారిపోయాక, అడుగున కొంత ఎత్తు వరకు మట్టి నీటితో నిండిపోయి ఉంటుంది. అదే కుండీలోని కనిపించని నీటిమట్టం. రేణువుల మధ్య ఖాళీ సైజు రేణువు సైజులో మూడోవంతు ఉంటుందని స్థూలంగా అనుకుందాం. అప్పుడు 3 మిల్లీమీటర్ల గరుకు రేణువులున్న కుండీలో ఈ తడిపొర 3 సెంటీమీటర్లకు మించదు. 0.3 మిల్లీమీటర్ల సన్న ఇసుక అయితే 20 సెంటీమీటర్ల లోతున్న కుండీ మొత్తం చెమ్మ పట్టి ఉంటుంది. ‘ఇసుక కలిపాం కదా, నీరు పోతుంది’ అన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. ఇసుక కలపడం కన్నా, ఏ సైజు ఇసుక కలిపారన్నదే ముఖ్యం.

తడిపొర ఎత్తును కుండీ లోతు మార్చదు. కాబట్టి ఒకే మిశ్రమం వేసిన రెండు కుండీల్లో లోతు తక్కువున్న దానిలో తడిభాగం వాటా ఎక్కువ. కుండీ రంధ్రంలోంచి ఒక నూలు వత్తిని కిందికి వేలాడదీస్తే మరికొంత నీరు దిగుతుంది. ఇదీ స్పాంజిని నిలువుగా తిప్పడం లాంటిదే. వత్తి వల్ల నీటి స్తంభం పొడవు పెరుగుతుంది.

అడుగున గులకరాళ్లు వేస్తే?

కుండీ అడుగున రెండు మూడు అంగుళాల గులకరాళ్లు వేసి, పైన మట్టి నింపడం మన ఇళ్లలో పాత అలవాటు. నీరు రాళ్లలోకి దిగి మట్టి ఆరుతుందన్నది దాని వెనకున్న ఆలోచన. భౌతికశాస్త్రం ప్రకారం జరిగేది దీనికి విరుద్ధం. పైనున్న సన్న మట్టి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. రాళ్ల మధ్యనున్న పెద్ద ఖాళీలకు ఆ నీటిని లాక్కునే శక్తి ఉండదు. అందువల్ల మట్టి అడుగుభాగం దాదాపు పూర్తిగా నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. అంతకుముందు కుండీ అడుగున ఉండే తడిపొర ఇప్పుడు రాళ్ల పైకి, అంటే వేర్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది.

మట్టిలో నీటి కదలికను ఇలా శక్తి దృష్టితో చూడటానికి పునాది వేసినవారు అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఎడ్గర్ బకింగ్‌హామ్. ఆ దేశ వ్యవసాయ శాఖ కోసం రాసిన 1907 నాటి నివేదికలో ఆయన, మట్టి నీటిని పట్టి ఉంచే బలాన్ని ఒక రాశిగా నిర్వచించారు. తర్వాత వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ గార్డ్‌నర్ గాజు పలకల మధ్య మట్టి పొరలు పేర్చి, నీరు దిగే తీరును చలనచిత్రంగా చూపారు. సన్న మట్టిలో దిగుతున్న నీరు గరుకు ఇసుక పొర దగ్గరకు రాగానే ఆగి, పక్కలకు పాకడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

రంధ్రం గుండా మట్టి జారిపోకుండా ఒక కుండ పెంకునో, చిన్న జాలీ ముక్కనో అడ్డం పెడితే చాలు. రాళ్లు అవసరమే, అయితే అవి ఉండాల్సింది అడుగున విడి పొరగా కాదు, మిశ్రమం అంతటా కలిసిపోయి.

మేస్త్రీ చేసేదానికి తిరగబడిన పని

కాంక్రీటు కలిపే మేస్త్రీ కంకర, ఇసుక, సిమెంటు కలుపుతాడు. కంకర మధ్య ఖాళీల్లో ఇసుక, ఇసుక మధ్య ఖాళీల్లో సిమెంటు చేరతాయి. ఖాళీలు మిగలకూడదన్నదే అక్కడి లక్ష్యం. కాక్టస్ మట్టికి ఖాళీలు మిగలాలి. ఇంచుమించు ఒకే సైజున్న రేణువులను కుప్పగా పోస్తే మొత్తం పరిమాణంలో మూడోవంతుకు పైగా ఖాళీ ఉంటుంది. అందులో సన్నపొడి కలిస్తే ఆ ఖాళీలు పూడిపోతాయి. బంకమట్టిలో కొద్దిగా ఇసుక కలిపితే నీరు ఇంకే గుణం పెరగకపోగా, ఇటుక లాంటి ముద్ద తయారవ్వడానికి కారణం ఇదే.

కాబట్టి మొదటి పని జల్లించడం. కిటికీలకు వాడే దోమల జాలీ రంధ్రాలు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటాయి. దాని గుండా కిందికి పోయే పొడిని పక్కన పెట్టేయాలి. పైన మిగిలిన దానిలో 6 మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్కలను తీసేయాలి.

ఏవి, ఎంత?

దుకాణంలో దొరికే ప్యూమిస్ రాయి ఇందుకు మంచిదే కానీ ఖరీదెక్కువ. మన దగ్గర సులువుగా దొరికేవాటితోనూ మంచి మిశ్రమం చేయవచ్చు. కొలత బరువుతో కాకుండా, ఒకే డబ్బాతో పరిమాణంలో తీసుకోవాలి.

సన్న గ్రానైట్ చిప్స్, బాగా కాలిన ఇటుక ముక్కలు కలిపి మూడు డబ్బాలు. జల్లించి కడిగిన గరుకు నది ఇసుక ఒక డబ్బా. ఎర్రమట్టి ఒక డబ్బా. బాగా మాగిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక డబ్బా. ఇందులో గరుకు భాగం మూడింట రెండు వంతులు.

ప్రతిదానికీ ఒక పని ఉంది. ఇటుక ముక్క తన లోపలి సన్న రంధ్రాల్లో కొంత నీటిని దాచుకుంటుంది. ముక్కల మధ్య పెద్ద ఖాళీలు గాలికి మిగులుతాయి. సరిగా కాలని ఇటుక మాత్రం కొన్నాళ్లకు కరిగి బురదవుతుంది. గ్రానైట్ చిప్స్ బరువునిస్తాయి. స్తంభ కాక్టస్‌కు ఇది చిన్న విషయం కాదు. నిటారుగా పెరిగిన కాండం మీద గాలి తోస్తే అది మొదలు దగ్గర మీటలా పనిచేస్తుంది. పెర్లైట్, కొబ్బరి పొట్టు వంటి తేలిక పదార్థాలతోనే నింపిన కుండీ ఒక్క ఈదురుగాలికి పడిపోవచ్చు. ఎర్రమట్టి, ఎరువు పోషకాలనిస్తాయి. ఎరువు కాలక్రమంలో చివికి పొడవుతుంది, ఖాళీలను పూడుస్తుంది. అందుకే దాన్ని తక్కువగా వేయాలి, రెండు మూడేళ్లకోసారి మిశ్రమం మార్చాలి.

నల్లరేగడి వద్దు. అది తడిస్తే ఉబ్బి, ఆరితే బిగుసుకుని పగుళ్లిస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది. రాతిపొడి, కడగని ఎం-శాండ్‌లో సన్నపొడి ఎక్కువ. సిమెంటు అంటిన కూల్చివేత ముక్కలు మట్టిలో క్షారగుణాన్ని పెంచుతాయి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేర్ల చుట్టూ తరచూ కొబ్బరి పొట్టు ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కొత్త మిశ్రమంలో దించితే, గులకరాళ్ల పొర దగ్గర జరిగేదే ఇక్కడా జరుగుతుంది. చుట్టూ గరుకు మట్టి ఆరినా, నడుమ ముద్ద తడిగానే ఉంటుంది. నాటే ముందు పొట్టును వీలైనంత దులిపేయాలి. తెగిన వేర్లు మానడానికి వారం రోజులు నీళ్లు పోయకుండా ఆగాలి.

కొలిచి చూడొచ్చు

మిశ్రమం సరిగా ఉందో లేదో మొక్క నాటకముందే తెలుసుకోవచ్చు. కుండీ రంధ్రాలకు బయటి నుంచి టేపు అంటించి, మిశ్రమాన్ని ముందుగా తడిపి నింపాలి. ఉపరితలం మీద నీరు మెరిసేదాకా నెమ్మదిగా పోయాలి. తర్వాత కుండీని బకెట్ మీద పట్టుకుని టేపు తీసి, చుక్కలు ఆగేదాకా కారిన నీటిని కొలవాలి. ఆ నీరు ఖాళీ చేసిన చోటంతా ఇప్పుడు గాలి ఉన్నట్టే. 5 లీటర్ల మిశ్రమం నుంచి 1.25 లీటర్ల నీరు కారితే గాలి వాటా 25 శాతం. మామూలు పూలకుండీలకు 10 నుంచి 20 శాతం సరిపోతుంది. కాక్టస్‌కు 25 శాతం, ఆ పైన ఉండటం మేలు. తక్కువగా వస్తే మళ్లీ జల్లించి, గరుకు భాగం పెంచాలి. మొక్కను పెట్టబోయే కుండీతోనే ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే లోతు మారితే ఫలితమూ మారుతుంది.

ఊరిని బట్టి మార్పు

ఒకే కొలత అన్ని చోట్లా పనికిరాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం ప్రాంతంలో, ఎండకు కుండీలు త్వరగా ఆరతాయి. అక్కడ ఎర్రమట్టి మరో అర డబ్బా పెంచినా నష్టం లేదు. గాలిలో తేమ ఎక్కువుండే విశాఖపట్నం, కోనసీమ వంటి తీరప్రాంతాల్లో నీరు ఆవిరవడం నెమ్మది. అక్కడ గరుకు భాగాన్ని ఐదింట నాలుగు వంతులకు పెంచాలి. మట్టికుండీ గోడల గుండా కూడా నీరు ఆవిరవుతుంది కాబట్టి అలాంటిచోట ప్లాస్టిక్ కన్నా అదే మంచిది. వేర్ల ముద్ద కంటే మరీ పెద్ద కుండీలో, వేర్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగా ఉంటుంది. కుండీ కింద పళ్లెంలో నీరు నిలిస్తే పైన పడ్డ శ్రమంతా వృథా.

మన రాళ్లగుట్టల మీద కనిపించే బొమ్మజెముడు, కాడజెముడు చూడటానికి కాక్టస్‌లలాగే ఉన్నా, అవి యుఫోర్బియా జాతి మొక్కలు. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలకు చెందింది. వంశాలు వేరైనా, పొడినేలల్లో బతకడానికి రెండూ ఒకే రకమైన రూపం దాల్చాయి. నిటారుగా పెరిగే యుఫోర్బియాలను కుండీలో పెంచేవారికీ ఇదే మిశ్రమం పనికొస్తుంది.

మిశ్రమం కుదిరాక నీళ్లు పోసే పద్ధతీ మారాలి. రోజూ గ్లాసెడు నీళ్లు చిలకరించే బదులు, ఒకసారి అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, లోపలి వరకు ఆరిందని తేలాకే మళ్లీ పోయాలి. ఒక సన్నని వెదురు పుల్లను లోతుకు గుచ్చి బయటకు తీస్తే సంగతి తెలుస్తుంది. పుల్ల చివర చెమ్మ ఉంటే, పైన మట్టి ఎంత ఎండినట్టు కనిపించినా, మరికొన్ని రోజులు ఆగాల్సిందే.