పీజీ స్టూడెంట్ ప్లేట్‌కు రోజుకు రూ.70.. అందులో ఏమొస్తుంది? ఏం రాదు?

నెలలో 25వ తేదీ దాటిందంటే చాలు.. హాస్టల్ రూముల్లో ఒకటే లెక్క. ఫోన్‌పేలో ఎంత మిగిలింది? ఇంటి నుంచి డబ్బులు ఎప్పుడొస్తాయ్? అప్పటిదాకా రోజులు ఎలా నెట్టుకురావాలి? డిగ్రీ వరకు ఇంట్లో అమ్మ వండింది తిన్నవాళ్లకు పీజీలో మొదటి పాఠం ఇదే.

పీజీ చదివే వయసు 21 నుంచి 25. ఇంట్లో డబ్బులు అడగాలంటే మొహమాటం. సంపాదన ఇంకా మొదలు కాలేదు. కరెక్ట్‌గా ఇక్కడే తిండి మీద కోత పడుతుంది. ఫీజు ఆపలేం, రూమ్ రెంట్ ఆపలేం, ఫోన్ రీచార్జ్ అసలే ఆపలేం. ఆపగలిగేది టిఫిన్ ఒక్కటే. మరి తక్కువ బడ్జెట్‌లో ఓ పీజీ విద్యార్థి ఏం తినొచ్చు? ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎంతవరకు సరిపోతుంది? వివరంగా చూద్దాం.

రూ.1,500 నుంచి రూ.2,100

ముందు ప్రభుత్వం లెక్క. తెలంగాణలో సంక్షేమ హాస్టళ్ల విద్యార్థుల డైట్ ఛార్జీలను 2024 చివర్లో 40 శాతం పెంచారు. ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవాళ్లకు అప్పటిదాకా నెలకు రూ.1,500 ఉండేది. అది రూ.2,100 అయింది. అంటే రోజుకు రూ.50 కాస్తా రూ.70. ఏడేళ్ల తర్వాత జరిగిన పెంపు ఇది. ఆ ఏడేళ్లలో నూనె, పప్పు రేట్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో ఇంట్లో సరుకులు కొనేవాళ్లను అడిగితే తెలుస్తుంది. పెంచడం మంచిదే, కాదనలేం. కాకపోతే ఆ రూ.70లో పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం అన్నీ రావాలి.

యూనివర్సిటీ హాస్టల్ అయితే కథ ఇంకోలా ఉంటుంది. చాలాచోట్ల 'డివైడింగ్ సిస్టమ్' నడుస్తుంది. నెలంతా మెస్‌కు అయిన ఖర్చును కూడి, ఎంతమంది ఎన్ని రోజులు తిన్నారో లెక్కగట్టి, తల ఒక్కింటికి రోజు రేటు తేలుస్తారు. స్కాలర్‌షిప్‌కు అర్హత ఉన్నవాళ్లకు ప్రభుత్వం నుంచి వచ్చే మెయింటెనెన్స్ డబ్బును ఈ బిల్లులో జమ చేసుకుంటారు. మిగతాది విద్యార్థి కట్టుకోవాలి. అసలు ఇబ్బంది ఎక్కడంటే.. ఆ డబ్బు రావడం లేట్ అయితే బిల్లు విద్యార్థి పేరు మీద బాకీగా పేరుకుపోతుంది. పరీక్షల ముందో, సర్టిఫికెట్లు తీసుకునేటప్పుడో 'నో డ్యూస్' కోసం వెళ్తే ఆ మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది.

చాలామంది ఫస్ట్ ఇయర్‌లో పట్టించుకోని విషయం ఒకటుంది. ఊరెళ్లేటప్పుడు మెస్‌లో ముందుగా రాసి వెళ్లాలి. రాయకపోతే మీరు తినకపోయినా మీ పేరు మీద బిల్లు పడుతుంది. పండక్కి పది రోజులు ఇంటికెళ్లి, ఇక్కడ మెస్ బిల్లు కూడా కట్టినవాళ్లలో నేనూ ఉన్నా.

నిజంగా రూ.70కి ఏమొస్తుంది?

సరే, మనమే కొని వండుకుంటే ఎలా ఉంటుందో లెక్కేద్దాం. రేట్లు ఊరిని బట్టి, సీజన్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి. సుమారుగా తీసుకుందాం.

కిలో రూ.55 చొప్పున బియ్యం 350 గ్రాములు అంటే రూ.19. కందిపప్పు 60 గ్రాములు రూ.8. ఒక గుడ్డు రూ.7. పావు కిలో కూరగాయలు రూ.10. నూనె రూ.4. పావు లీటరు పాలు రూ.15. ఇప్పటికే రూ.63 అయింది. గ్యాస్ లేదా కరెంటు, ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిపాయలు కలిపితే రూ.70 దాటేసినట్టే. ఇందులో టీ లేదు. పండు లేదు. ఆదివారం చికెన్ లేదు. వంట మనిషి జీతం లేదు.

హాస్టళ్లు సరుకులు హోల్‌సేల్‌లో కొంటాయి కాబట్టి కాస్త వెసులుబాటు ఉంటుంది. అయినా రూ.70లో రోజూ గుడ్డు, గట్టి పప్పు, గట్టి పెరుగు మూడూ రావాలంటే కష్టమే. మెస్‌లో పప్పు పలచబడటానికి వంటవాళ్లను మాత్రమే తిట్టి లాభం లేదు.

నిజానికి పీజీ స్టూడెంట్ ఎక్స్‌పెక్ట్ చేసేది కూడా పెద్దగా ఏం ఉండదు. వేడి వేడి అన్నం, గరిటె వేస్తే అడుగు కనిపించని పప్పు, వారంలో నాలుగైదు గుడ్లు, మజ్జిగ కాకుండా పెరుగు, ఆదివారం చికెన్. అంతే! మెస్ ముందు జరిగే ధర్నాలు చూస్తే వాటిలో సగం ఈ నాలుగైదు ఐటమ్స్ గురించే.

కర్రీ పాయింట్.. రూమ్‌మేట్స్ రక్షకుడు

హాస్టల్ సీటు రానివాళ్లు, పీజీ అయిపోయి గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ లాంటి ఏరియాల్లో రూములు తీసుకుంటారు. వీళ్లను నిజంగా బతికిస్తున్నది కర్రీ పాయింట్. సాయంత్రం ఏడు దాటాక ఏ గల్లీలోకి వెళ్లినా స్టీల్ గిన్నెల ముందు క్యూ కనిపిస్తుంది. పప్పు, సాంబారు, వంకాయ కూర, ఆలూ ఫ్రై, పచ్చడి.. అన్నీ చిన్న చిన్న కవర్లలో కట్టి ఇస్తారు.

ఫార్ములా సింపుల్. రూమ్‌లో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం పెట్టేయాలి. బయటి నుంచి కూరలు తెచ్చుకోవాలి. ముగ్గురు ఉన్న రూమ్ అనుకుందాం. బియ్యానికి రూ.25, పప్పు ప్యాకెట్ రూ.30, కూర ప్యాకెట్ రూ.40, పెరుగు ప్యాకెట్ రూ.20. మొత్తం రూ.115. తలకు రూ.38 పడుతుంది. అదే ముగ్గురూ మెస్‌కెళ్లి ప్లేట్ మీల్స్ తింటే ఒక్కొక్కరికీ దీనికి డబుల్ దాటుతుంది.

రెండు పూటలు ఇలా తిని, పొద్దున బండి మీద ఇడ్లీకి రూ.35, రెండు టీలకు రూ.20 వేసుకుంటే రోజుకు రూ.130 దాకా అవుతుంది. నెలకు దగ్గర దగ్గర రూ.4 వేలు. ఒంటరిగా ఉండేవాళ్లకు ఈ లెక్క వర్కవుట్ కాదు. అన్నం ఒక్కరికి వండినా, కూర ప్యాకెట్ మాత్రం సగం అమ్మరు కదా!

తెల్ల రేషన్ కార్డులో పేరున్నవాళ్లకు ఇంకో ఆధారం ఉంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. ఊరి నుంచి బస్సులో బియ్యం మూట మోసుకొచ్చే స్టూడెంట్స్‌ను జేబీఎస్, ఎంజీబీఎస్‌లలో చూసే ఉంటారు. ఆ మూటతో పాటు అమ్మ పెట్టిన పల్లీల పొడి, టమాటా పచ్చడి, ఉసిరి పచ్చడి కూడా ఉంటాయి. నెలాఖరు వారం గడిచేది వాటి మీదే.

జాగ్రత్త ఒకటి. కర్రీ పాయింట్‌కు వెళ్లేటప్పుడు స్టీల్ డబ్బా తీసుకెళ్లండి. పొగలు కక్కే సాంబారును పలచటి ప్లాస్టిక్ కవర్‌లో పోయించుకోవడం మంచిది కాదు. ఫ్రిజ్ లేని రూమ్‌లో రాత్రి కూరను పొద్దున దాకా, పొద్దున అన్నాన్ని రాత్రి దాకా ఉంచొద్దు. ముఖ్యంగా ఎండాకాలం. మిగిలిన అన్నం వాసన రాకపోయినా అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్లీ వేడి చేసినా కొన్నిసార్లు దాని విషం పోదు. పది రూపాయలు మిగిల్చి రెండు వందల మందులు కొనుక్కోవడం అంటే ఇదే.

ఐదు రూపాయల క్యూలో నిలబడటానికి సిగ్గెందుకు?

హైదరాబాద్‌లో రూ.5 భోజనం 2014లో మొదలైంది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. మొన్నటిదాకా అన్నపూర్ణ క్యాంటీన్లు, 2025లో పేరు మారి ఇందిరమ్మ క్యాంటీన్లు అయ్యాయి. ఇప్పుడు కొన్నిచోట్ల రూ.5కే టిఫిన్ కూడా పెడుతున్నారు. ఏపీలో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాయి. అక్కడ టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం.. పూటకు రూ.5. మూడు పూటలకు కలిపి రూ.15.

మరి విద్యార్థులు ఎందుకు వెళ్లరు? కొందరు వెళ్తారు, చాలామంది మొహమాటపడతారు. 'కూలీల కోసం పెట్టారు కదా, మనం తింటే ఎలా' అనే ఫీలింగ్. నిజానికి అక్కడ ఎవరినీ కార్డు అడగరు, మీరెవరని అడగరు. ఆకలైనవాళ్లు ఐదు రూపాయలిచ్చి తినొచ్చు. టైమ్ మాత్రం చూసుకోవాలి. మధ్యాహ్నం క్లాస్ అయ్యి తీరిగ్గా వెళ్తే భోజనాలు అయిపోయి ఉంటాయి.

కడుపు నిండుతోంది.. ఒంటికి పడుతోందా?

అసలు సమస్య ఇక్కడుంది. తక్కువ డబ్బుతో కడుపు నింపడం మన దగ్గర పెద్ద కష్టం కాదు. పచ్చిపులుసుకు స్టవ్ కూడా అక్కర్లేదు.. చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చాలు. రుచికి తిరుగులేదు. దాంతో రెండు పళ్లేల అన్నం లాగించేయొచ్చు. కానీ అందులో ప్రొటీన్ ఏది?

హైదరాబాద్ తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దాని లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. అన్నంలోనూ ప్రొటీన్ ఉంటుంది. 350 గ్రాముల బియ్యంతో పాతిక గ్రాముల దాకా వస్తుంది. కాకపోతే ఒక్క బియ్యం ప్రొటీన్ ఒంటికి పూర్తిగా పనికిరాదు, పప్పుతో కలిస్తేనే దానికి బలం. మన పప్పన్నం అందుకే గట్టి కాంబినేషన్. 50 గ్రాముల కందిపప్పుతో 11 గ్రాములు, గుడ్డుతో 6, గుప్పెడు పల్లీలతో ఇంకో 6 గ్రాములు వస్తాయి.

ఖర్చు పరంగా చూస్తే హీరో మాత్రం మీల్ మేకర్. 30 గ్రాముల్లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఖర్చు నాలుగైదు రూపాయలే. వేడినీళ్లలో వేసి, పిండి, టమాటాతో వండేస్తే చాలు. అందరికీ నచ్చదు, ఒప్పుకుంటా. నాక్కూడా నచ్చదు. కానీ నెలాఖరులో నచ్చడం, నచ్చకపోవడం అనే ఆప్షన్ ఎక్కడిది?

ఇన్‌స్టంట్ నూడుల్స్ సంగతి వేరు. ప్యాకెట్ చవకే. అందులో ఉండేది ఎక్కువగా మైదా, నూనె, ఉప్పు. రాత్రి 11 గంటలకు అసైన్‌మెంట్ రాస్తూ ఒకసారి తింటే ఏం కాదు. రోజూ డిన్నర్ అదే అయితే నీరసం రాకుండా ఎలా ఉంటుంది? ఆ డబ్బుకే రెండు గుడ్లు వస్తాయి.

అమ్మాయిల విషయంలో ఇంకాస్త సీరియస్‌గా మాట్లాడుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఏపీలో 58.8 శాతం. అంటే సగం కంటే ఎక్కువ మంది. టిఫిన్ మానేసి టీతో సరిపెట్టుకునే అలవాటు దీన్ని ఇంకా పెంచుతుంది. భోజనంతో పాటే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. గంట గ్యాప్ ఇవ్వండి. పాలకూర పప్పులో, శనగల్లో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఎక్కువ పడుతుంది. దీనికి అయ్యే ఖర్చు సగం నిమ్మకాయ.

పీహెచ్‌డీ వాళ్లు సేఫేనా?

అందరూ కాదు. నెట్ జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేలు వస్తున్నాయి. టైమ్‌కు పడితే ఇబ్బంది లేదు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ మాత్రం నెలకు రూ.8 వేలే. మెస్ బిల్లు, జిరాక్సులు, ఫీల్డ్ వర్క్ ఛార్జీలు, ఇంటికి పంపేది అన్నీ అందులోనే. 28 ఏళ్ల వయసులో, ఇంట్లో 'ఇంకా చదువేనా' అంటుంటే, నాన్నకు ఫోన్ చేసి మెస్ బిల్లుకు డబ్బులు అడగడం ఎంత కష్టమో ఆ స్టేజ్ దాటినవాళ్లకే తెలుసు.

ఇప్పుడు కొత్తగా హాస్టల్‌లో చేరినవాళ్లు వెంటనే చేయాల్సిన పని.. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ అప్లికేషన్, ప్రతి ఏడాది రెన్యువల్ పూర్తి చేయడం. బ్యాంక్ ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో చూసుకోవాలి. లింక్ లేకపోతే శాంక్షన్ అయిన డబ్బు కూడా ఆగిపోవచ్చు. మెస్ బిల్లు రసీదులు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. నో డ్యూస్ కౌంటర్ దగ్గర పాత బాకీ చూపిస్తే, మీ దగ్గరున్న రుజువు అదొక్కటే.