కోర్టుకెక్కని కాగితం విలువ ఎంత?

ఒప్పందం అనగానే మనకు స్టాంపు కాగితం, సాక్షుల సంతకాలు, కోర్టు మెట్లు వరుసగా కళ్ళముందు మెదులుతాయి. "కోర్టులో చెల్లని కాగితం చిత్తుకాగితమే కదా!" అని కామర్సు చదివే మిత్రులే నాతో వాదించారు. వారి వాదన తీసిపారేయదగింది కాదు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఎన్ని తగాదాలకు దారితీసిందో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అయినా వ్యాపారంలో ఇలాంటి కాగితంతో జరిగే పని ఒకటుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, చట్టం ద్వారా అమలు జరపగల ఒప్పందమే కాంట్రాక్టు. ఆ మెట్టు ఎక్కకముందు వ్యాపారులు రాసుకునేవే అవగాహనా పత్రం, లెటర్ ఆఫ్ ఇంటెంట్ వంటివి. ఇవి సాధారణంగా 'ఇలా చేద్దామనుకుంటున్నాం' అంటాయేగాని, 'చేసి తీరతాం' అనవు.

ఉదాహరణకు, గుంటూరులో కారం పట్టే చిన్న మిల్లు యజమాని, హైదరాబాదు టోకు వర్తకుడు నెలనెలా సరుకు ఇచ్చిపుచ్చుకుందామనుకున్నారనుకోండి. నోటిమాటగా ఉన్నంతసేపూ ఇద్దరికీ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కాగితం మీద పెట్టేసరికి లారీ కిరాయి ఎవరిది, సరుకు రంగు తగ్గితే ఏం చేయాలి, డబ్బు 15 రోజులకా 45 రోజులకా అన్న ప్రశ్నలు బయటపడతాయి. తగాదా రాకముందే తేడా తెలియడం, అదీ పైసా నష్టం లేకుండా తెలియడం, నా దృష్టిలో ఈ కాగితం చేసే అసలు మేలు.

ఇంగ్లండులో ఒక ప్రసిద్ధమైన కేసు ఉంది. 1913లో అక్కడి కాగితం తయారీదారులు, న్యూయార్కుకు చెందిన రోజ్ అండ్ ఫ్రాంక్ కంపెనీ ఒక పత్రం రాసుకుని, ఇది కోర్టులకు లోబడేది కాదు, పరువు మీద నిలిచే మాట అని అందులోనే చెప్పుకున్నారు. వ్యాపారం ఏళ్ళ తరబడి నడిచింది. 1919లో చెడింది. 1924లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఏమంటే: ఆ పత్రం ఎవరినీ కట్టిపడేయదు; కాని దాని కింద ఒకరిచ్చి మరొకరు అంగీకరించిన సరుకు ఆర్డర్లు మాత్రం చెల్లుతాయి. మాట వేరు, ఆర్డరు వేరు అన్నమాట.

మన సుప్రీంకోర్టు కూడా 2006లో డ్రెసర్ రాండ్ కేసులో, లెటర్ ఆఫ్ ఇంటెంట్ మామూలుగా భవిష్యత్తులో కాంట్రాక్టు చేసుకునే ఉద్దేశాన్నే తెలుపుతుందని చెప్పింది. అయితే అందులోని మాటలు కట్టుబడే ఉద్దేశాన్ని స్పష్టంగా చూపితే అదే కాంట్రాక్టు కావచ్చు. పైన పెట్టిన పేరు ఒక్కటే చూసి ధీమా పడితే లాభం లేదు. అందుకే తెలిసినవాళ్ళు వ్యాపార రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు, ఖర్చులు ఎవరివన్న షరతు కట్టుబడేవిగాను, మిగతావి కట్టుబడనివిగాను విడదీసి రాయిస్తారు.

మిత్రులారా, రేపు మనలో కొందరు ఉద్యోగం కోసం చూడకుండా సొంత వ్యాపారం పెట్టవచ్చు. ఇలాంటి కాగితం చేతికొస్తే దాని బలం మీద శాంపిలు పంపండి, లెక్కలు వేయండి, ఎదుటివాడి తీరు గమనించండి. అప్పు చేసి కొత్త మిషను కొనడం మాత్రం ఖాయమైన ఆర్డరు వచ్చాకే!