చేతిరాత ఖతిగా మారినప్పుడు

సింగపూరులోని వుడ్‌ల్యాండ్స్‌లో జరిగే ఉగాది వేడుకకు తెలుగు ఆహ్వానపత్రం కూర్చేవారికి మొదటి పరీక్ష ఆ పేట పేరే. కంప్యూటరుకు ‘వుడ్‌ల్యాండ్స్’ అన్నది 14 యూనికోడ్ సంకేతాల వరుస. మొదటి ‘డ్’ తరువాత కంటికి కనిపించని విభాజకం ఒకటి ఉండాలి. లేకపోతే ‘ల’ దాని కింద ఒత్తుగా చేరిపోతుంది. చివరి ‘డ’కు కింద స-ఒత్తు, పైన పొల్లు రెండూ అమరాలి.

చేత్తో రాసేవారు ఇదంతా ఆలోచించకుండానే రాస్తారు. అలంకార ఖతిని రూపొందించేవారు మాత్రం అచ్చ తెలుగు మాటల్లో రాని ఇటువంటి కలయికలను కూడా ముందే ఊహించాలి. బాపు (1933–2014) చేతిరాత ఆధారంగా వచ్చిన ఖతులు చూడగానే ఆయనను గుర్తుకు తెస్తాయి. అయితే చేతిరాతలో ఏ రెండు ‘అ’లూ అచ్చంగా ఒకేలా ఉండవు, ఖతిలో ఉంటాయి. ఒకే అక్షరానికి సందర్భాన్ని బట్టి మారే రూపాలను ఓపెన్‌టైప్ అనుమతిస్తుంది కాని, గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపిలో ఆ శ్రమ ఎన్నో రెట్లు.

అందం కోసం యూనికోడేతర ఖతిని ఎంచుకొంటే నష్టం మరొకటి. ఆ పాఠాన్ని మరో ఖతిలోకి మారిస్తే అర్థంలేని గుర్తులు మిగులుతాయి, వెతికితే దొరకదు. అక్షరం బొమ్మగా నిలిచి, భాషగా మాయమవుతుంది. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన రవిప్రకాష్, ధూర్జటి వంటి శీర్షికల ఖతులు యూనికోడ్‌వే కనుక ఈ చిక్కు ఉండదు.

ఖతిని ఎంచుకొనేముందు వర్ణమాల చూస్తే చాలదు. ఆహ్వానంలో రాబోయే ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు అందులో కూర్చి చూడాలి.