ముద్దాయి లేని విచారణము

ముద్దాయి యెదుట నిలిచియుండగా సాక్షి చెప్పు మాటకును, అతడు లేనిచోట చెప్పు మాటకును గల తారతమ్యము లోక మెఱిగినదే. ఎదుట మనుష్యుడుండగా అబద్ధమాడుటకు నాలుక వెనుదీయును. ఆడినను అడ్డుప్రశ్నలచే నది బయల్పడును. అందుచేతనే క్రిమినలు కేసులలో ముద్దాయి యెదుటగాని, అతని హాజరును కోర్టు మాపుచేసినచో నతని న్యాయవాది యెదుటగాని సాక్ష్యము గైకొనవలయుననుట మన దేశమున చిరకాలముగా నియమమై యుండెను. ముద్దాయి పరారియైనచో 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 512వ సెక్షను చొప్పునను, 1973 నాటి కోడు 299వ సెక్షను చొప్పునను సాక్ష్యమును వ్రాసి భద్రపఱచెడివారు. అతడు దొరకునప్పటికి సాక్షి మరణించియున్నచో ఆ వ్రాత పనికివచ్చెడిది. తీర్పు మాత్రము ముద్దాయికొఱకు వేచియుండెడిది.

2024 జులై 1వ తేదీని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలునకు వచ్చుటతో ఈ మర్యాద మాఱినది. పదియేండ్ల ఖైదుగాని, అంతకు మించినదిగాని, యావజ్జీవముగాని, మరణదండనగాని విధింపదగిన నేరమున ప్రకటిత నేరస్థుడైనవాడు విచారణ తప్పించుకొనుటకై పరారియై, పట్టుబడుజాడ సమీపమున లేనిచో, స్వయముగా హాజరై విచారింపబడు హక్కును తానే వదలుకొనినట్లు భావింపవచ్చునని 356వ సెక్షను చెప్పుచున్నది. అంతట విచారణ సాగించి తీర్పు నీయవచ్చును.

ఇట్టి శాసన మేల కావలసెనని యడుగువారు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల చరిత్రను తలచుకొనిన చాలును. గ్రామకక్షలలో ఒక హత్య జరుగును. ముద్దాయిలలో నిరువురు మువ్వురు పరారియగుదురు. వారి కేసును వేఱుచేసి పక్కన నుంతురు. ఏండ్లు గడచును. చూచినవాడు ముసలివాడగును, లేదా బెదరింపునకు లొంగి మాట మార్చును, లేదా కన్నుమూయును. హతుని భార్యాబిడ్డలు కోర్టు మెట్లెక్కి దిగుటయే మిగులును. పాఱిపోవుటయే రక్షణోపాయమైనచో ధర్మమునకు దిక్కేది? ఈ వాదము బలమైనదే. మేము దానిని త్రోసిపుచ్చము.

అయినను రెండవ పక్షమునకు చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. 1930 మే 1వ తేదీని వైస్రాయి ఇర్విను ప్రభువు లాహోరు కుట్రకేసుకై ఒక ఆర్డినెన్సు జారీచేసి, ముద్దాయిలు లేకుండగనే విచారణ సాగించు నధికారమును ప్రత్యేక ట్రిబ్యునలున కిచ్చెను. ఆ నెల 12వ తేదీని కోర్టులోనే పోలీసులచే దెబ్బలు తిన్న పిదప ముద్దాయిలు హాజరగుటకు నిరాకరించిరి. వారు పరారియైనవారు కారు. అదే నగరపు జైలులో నుండిరి. అయినను విచారణ ముగిసెను. అక్టోబరు 7వ తేదీని భగత్ సింగు, రాజగురు, సుఖదేవులకు ఉరిశిక్ష పడెను. హైకోర్టునకు అపీలుకూడ లేకపోయెను. 1946లో నూరెంబర్గు ట్రిబ్యునలు మార్టిన్ బోర్మనునకు అతడు లేకుండగనే మరణదండన విధించెను. అతడు 1945లోనే మృతిచెందెనని తరువాత దొరకిన యెముకలవలన తేలినది. ఇటలీలో కొలోజా యనువాడు ఇల్లు మారగా, పాత చిరునామాకు సమనులంపి, పరారియని నిర్ణయించి, ఆఱేండ్ల శిక్ష వేసిరి. అతని క్రొత్త చిరునామా మఱియొక కేసు సందర్భమున అధికారులకు తెలిసియే యుండెను. విచారణ సంగతి తెలిసినవెంటనే అట్టివానికి మరల విచారణ కోరు నవకాశ ముండవలయునని యూరపు మానవహక్కుల న్యాయస్థానము 1985లో నిర్ణయించినది.

మన కడప సీమకు ఈ ఇటలీ కథ దూరమైనది కాదు. ఇచ్చటి జనులు వేలకొలదిగా కువైటునకు కూలికి పోవుచున్నారు. తలుపునకు తాళమున్నంత మాత్రమున యజమాని పరారియైనవాడు కాడు. పరారియగుట వేఱు, పొట్టకూటికై పోవుట వేఱు. ఈ రెంటిని వేఱుపఱచునది చాటింపు ఒక్కటియే.

శాసనకర్తలు దీనిని విస్మరింపలేదు. ముప్పదిదినములకు తక్కువగాని యెడముతో వరుసగా రెండు వారంట్లు జారీచేయవలయును. అతని కడపటి నివాసస్థలమున ప్రచారముగల దినపత్రికలో ప్రకటింపవలయును. బంధువునకో మిత్రునకో తెలుపవలయును. ఇంటికిని, పోలీసు ఠాణాకును నోటీసు అంటింపవలయును. అభియోగము నిర్ణయించిన పిదప తొంబది దినములు ఆగవలయును. న్యాయవాది లేనిచో ప్రభుత్వవ్యయముతో నియమింపవలయును. కాగితముపై నివి మంచి నియమములే. కాని మొగమైన నెఱుగని ముద్దాయికై వకీలు ఏమని అడ్డుప్రశ్న వేయగలడు? ఎవరును చదువని మూలలో చిన్న యక్షరములతో వేసిన ప్రకటన యెవ్వరి చెవిని బడును? పత్రికలవారి బాధ్యతయు ఇందు కొంత కలదు.

ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమల్ల చెన్నకేశవాలయ ప్రాంగణమున రేనాటి యేలిక ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము వెలసినది. క్రీ.శ. 575 ప్రాంతపుదైన ఆ శాసనము ఇంతవఱకు దొరకిన తెలుగు శాసనములలో మొదటిదని పండితు లెంచుదురు. సంస్కృత ప్రాకృతములు రాజభాషలైన కాలమున ఆ రాజు ప్రజల నుడిలో, నలుగురు చూచుచోట తన మాటను నిలిపెను. రాజశాసనము ప్రజలను బంధింపవలెనన్న అది ముందు వారికి తెలియవలయును. పదునాలుగు శతాబ్దములు దాటినను ఈ నీతి మారలేదు.

కావున మేము కోరునది మూడు విషయములు. నోటీసు తేటతెలుగున నుండి, గ్రామమున దండోరాతో చాటబడవలయును. విదేశమున నున్నవానికి మన రాయబార కార్యాలయముద్వారా తెలియజేయ యత్నించితిమని పోలీసులు రుజువు చూపిననేగాని కోర్టు విచారణకు పూనుకొనరాదు. అపీలునకు విధించిన మూడేండ్ల గడువు తీర్పునాటినుండి గాక, తీర్పు సంగతి ముద్దాయికి తెలిసిననాటినుండి లెక్కింపబడునట్లు సవరణ జరుగవలయును. తెలిసియు రానివాని తీర్పు వాని స్వయంకృతము. తెలియక రానివానిని శిక్షించుట మాత్రము న్యాయము కానేరదు.