పానగల్లు నీడయు, కంప్యూటరు తెరయు

నల్లగొండ పట్టణము చెంతనే పానగల్లు ఉన్నది. కందూరు చోడుల కాలమునాటి ఛాయాసోమేశ్వరాలయము అచ్చట మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ గుడిలో లింగము వెనుకనున్న గోడమీద స్తంభపు నీడ వంటి నిలువు నీడ యొకటి పగలంతయు కదలక నిలిచియుండును. సూర్యుడు కదలుచుండగా నీడ యేల కదలదు? ఎండ నేరుగా గర్భగుడిలోనికి రాదు. ఆవరణలో చెదరిన వెలుగు మాత్రమే మంటప స్తంభముల సందులగుండా లోపలికి వచ్చును. ఆ సందులు కదలవు గనుక నీడయు కదలదు.

ఇందు మరియొక విశేషము కలదు. గర్భగుడి చీకటిగా నుండుటచేతనే ఆ పలుచని నీడ కంటికి ఆనుచున్నది. లోపల పెద్ద దీపమొకటి వెలిగించినచో నీడపైనను, పక్క గోడపైనను ఒకే విధముగా వెలుగు చేరి, ఆ రెంటికిని గల తేడా కన్ను పోల్చలేనంతగా తగ్గిపోవును. ఆటలకో, చలనచిత్రములకో కంప్యూటరు మానిటరు కొనదలచినవారు గ్రహింపవలసిన మొదటి సూత్రము ఇదియే.

పలుచని మానిటర్లలో ఎక్కువ భాగము ద్రవస్ఫటికములతో పనిచేయును. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ ఒక వింతను చూచెను. కొలెస్టరిల్ బెంజోయేట్ అను పదార్థము సుమారు 145 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగి మసక ద్రవమాయెను. సుమారు 178 డిగ్రీలు దాటిన పిదపనే తేటపడెను. మసకగానున్న ఆ స్థితియే ద్రవస్ఫటిక స్థితి. తెరలో ఇట్టి పదార్థమును రెండు ధ్రువణ ఫలకముల నడుమ నుంచి, వెనుక దీపము పెట్టుదురు. వోల్టేజి మార్చినపుడు అణువుల అమరిక మారి, వెలుగును పోనిచ్చుటయో ఆపుటయో జరుగును. 1920 అడ్డముగను 1080 నిలువుగను గల తెరలో 20,73,600 చిత్రబిందువులుండును. ప్రతి బిందువునందు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కిటికీలుండును.

ఏ కిటికీయు పూర్తిగా మూసుకొనదు. తెలుపు 300 కాండెలాల ప్రకాశమైనచో, నలుపునందు 0.3 కాండెలా కారవచ్చును. అపుడు వ్యత్యాస నిష్పత్తి 1000. కొన్ని రకముల తెరలలో ఇది 3000 వరకు నుండును. తెరలు విరివిగా వెలుగుపడు గదిలోనుండి, గది కాంతిలో 3 కాండెలాలు తెరనుండి తిరిగి వచ్చుచున్నవని అనుకొందము. మొదటి తెర నిష్పత్తి 303ను 3.3తో భాగించగా సుమారు 92. రెండవ తెరది 303ను 3.1తో భాగించగా సుమారు 98. మూడు రెట్ల గొప్ప యంతయు ఆరు అంకెల తేడాగా మిగిలినది! కిటికీలు తెరచిన తరగతి గదికి పెట్టెమీది నిష్పత్తికంటె, మెరయని ఉపరితలమును, చాలినంత ప్రకాశమును ముఖ్యము. దీపములార్పి సినిమా చూచు గదికి మాత్రము పెద్ద నిష్పత్తి ప్రయోజనకారి. లక్షలలో వేయబడు “డైనమిక్” నిష్పత్తిని నమ్మరాదు. అది వెనుక దీపమును తగ్గించి వచ్చిన అంకెయే గాని, ఒకే దృశ్యములో కనబడు తేడా కాదు.

ఇక చలనము సంగతి. తెర సెకనుకు 60 పర్యాయములు చిత్రమును మార్చినచో, ఒక్కొక్క చిత్రము 16.7 మిల్లీసెకనులు నిలిచియుండును. 1920 బిందువుల వెడల్పును ఒక బంతి రెండు సెకనులలో దాటుచున్నదనుకొన్నచో, అది చిత్రమునకు 16 బిందువులు జరుగును. కన్ను బంతివెంట ఎడతెగక సాగును. చిత్రము మాత్రము నిలిచియుండును. అందుచేత అంచు సుమారు 16 బిందువుల మేర అలుకుకొన్నట్లు తోచును. సెకనుకు 144 పర్యాయములైనచో ఇది 7 బిందువులకు తగ్గును. ఆటగాండ్రకు ఈ లాభము నిజమైనదే. అయితే కంప్యూటరు కూడ అన్ని చిత్రములను గీయగలిగియుండవలెను. బిందువు రంగు మారుటకు పట్టు కాలము వేరొక లక్షణము. “1 మిల్లీసెకను” అనునది తరచుగా ఒక ప్రత్యేక అమరికలో లభించిన అతి తక్కువ విలువ మాత్రమే.

సినిమాకు సెకనుకు 24 చిత్రములు. 60ని 24తో భాగించగా 2.5 వచ్చును. కావున ఒక చిత్రము రెండుసార్లు, తరువాతిది మూడుసార్లు కనబడి, మెల్లగా సాగు దృశ్యములలో స్వల్పమైన కుదుపు పుట్టును. 120, 144 అంకెలు 24తో నిశ్శేషముగా భాగింపబడును గనుక ఆ చిక్కు తొలగును.

డబ్బు చెల్లించుటకు ముందే కొన్ని పరీక్షలు చేయవచ్చును. దీపములార్పి నల్లని చిత్రమును చూపి, మూలలలో వెలుగు కారుచున్నదేమో చూడవలెను. పక్కకు జరిగి, రంగులు మారుచున్నవేమో గమనింపవలెను. అక్షరముల పుటను వేగముగా జరిపి చదువుటకు యత్నింపవలెను. చివరకు కిటికీ తెరచి మరల నల్లని చిత్రమునే చూడవలెను. తెరను ఉంచబోవు గదిలో ఎంత వెలుగుండునో కొనువానికే తెలియును. ఆ సంగతి పెట్టెమీద అచ్చువేయుట ఎవరికిని సాధ్యము కాదు.