సాలార్‌జంగ్ మ్యూజియానికి ప్రత్యేక చట్టం ఎందుకు? మన కోటగుళ్లకు దారి ఏది?

మన భూపాలపల్లి దిక్కు గణపురం కోటగుళ్ల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒకటే ప్రశ్న వస్తది: "అన్నా, దీనికి జాతీయ హోదా ఎప్పుడు?" ఇయ్యాల అదే చూద్దాం. ఆ హోదా ఎవరు ఇస్తరు? ఇస్తే ఏం మారుతది?

ముందు హైదరాబాద్ పోదాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా విగ్రహం, గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం మీలో చాలామంది చూసే ఉంటరు. ఇవన్నీ ఒకప్పుడు ఒక కుటుంబం సొత్తు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయారు. ఆయనకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. 1951 డిసెంబర్ 16న ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. కానీ తలుపులు తెరిచినంత మాత్రాన సొత్తు జనాలది అయిపోదు కదా! 1958లో హైకోర్టు ద్వారా రాజీ కుదిరాక ఈ సేకరణ భారత ప్రభుత్వానికి వచ్చింది. 1961లో పార్లమెంటు సాలార్‌జంగ్ మ్యూజియం చట్టం చేసి, దీన్ని 'జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ'గా ప్రకటించింది.

వచ్చింది పేరొక్కటే కాదు. గవర్నర్ చైర్మన్‌గా ట్రస్టీల బోర్డు వచ్చింది. అందులో కేంద్రం, రాష్ట్రం, ఉస్మానియా యూనివర్సిటీ, సాలార్‌జంగ్ కుటుంబం, అందరికీ చోటు ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అడ్మిన్ ఎవరు, యాక్సెస్ ఎవరికి, సర్వర్ బిల్లు కట్టేది ఎవరు అనేవి పక్కాగా రాసిపెట్టారన్నమాట.

మరి దీనికి పార్లమెంటే ఎందుకు? రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, కేంద్ర జాబితా 62వ అంశం చూడండి. ఇట్లాంటి సంస్థకు రెండు షరతులు ఉన్నయి. ఒకటి, పూర్తిగానో కొంతనో కేంద్రం డబ్బుతో నడవాలి. రెండు, పార్లమెంటు చట్టం చేసి ప్రకటించాలి. రాష్ట్రం డబ్బుతో నడిచే మ్యూజియాలు రాష్ట్ర జాబితాలోనే ఉంటయి.

ఇప్పుడు మన కోటగుళ్లకు వద్దాం. ఇది మ్యూజియం కాదు, కాకతీయుల కాలం నాటి కట్టడం. కాబట్టి దారి వేరే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పురాతన కట్టడాల కోసం 1958లో చేసిన చట్టం ఉండనే ఉంది. దాని కింద కేంద్రం ముందు గెజిట్‌లో రెండు నెలల నోటీసు ఇస్తది. సంబంధం ఉన్నోళ్లు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అవన్నీ చూసినంకనే ప్రకటన. రామప్ప ఉన్నది ఈ చట్టం రక్షణలోనే. 2019లో ములుగు జిల్లా అయ్యేదాకా అది మన జిల్లాలోనే ఉండె. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

కానీ ఒక్క విషయం మర్చిపోవద్దు. కేంద్ర రక్షణలోకి వస్తే హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం బంద్. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో కట్టాలంటే పర్మిషన్ కావాలి. అంటే గుడి పక్కన జాగా ఉన్న కుటుంబం మీద భారం పడుతది. ఆ రెండు నెలల నోటీసు ఉన్నది వాళ్ల మాట వినడానికే.

అందుకే "హోదా ఇవ్వండి" అని ఉత్తగ సంతకం పెట్టి ఊరుకోవద్దు. ఏ చట్టం కింద, ఎవరి డబ్బుతో, చుట్టుపక్కల ఎవరికి ఏం మారుతది? ఈ మూడూ అడిగి సంతకం పెట్టండి. అప్పుడే మన డిమాండ్‌కు బలం. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.